యెర్రగుంట్ల పేరయ్యగారి కుటుంబము

మత్తయి సువార్త విప్పగానే పేర్ల వరుస యెదురగును. రాహాబు, రూతు అను అన్యస్త్రీల పేర్లును అందులో విడువబడలేదు. మన సంఘములలోనో, ముత్తాత పేరడిగిన అనేకులు మౌనముగా నుందురు. వారి తప్పేమున్నది? కరణముల లెక్కలలో భూమిగలవారి పేర్లే యెక్కెను. మాదిగల వంశములు డక్కలివారి నోటనే నిలిచెను.

కాశిబుగ్గ పరిసరములలోని బాప్తిస్టు కుటుంబములు తమ మూలము వెదకిన, 1879లో హనుమకొండలో మిషను ఆరంభమైన దినములకు చేరుదురు. ఆ మిషనే అంతకు ముందు నెల్లూరు, ఒంగోలులలో పనిచేసెను. అచ్చట మొదట కనబడు కుటుంబము పేరయ్యగారిది.

ఆయన ఒంగోలుకు పడమరనున్న తాళ్లకొండపాడు కాపురస్థుడు, తోళ్ల వర్తకుడు. సత్యమును వెదకుచు రాజయోగ గురువుల నాశ్రయించెను. వర్తకముపై ఉత్తరదిక్కున ఏలూరు సీమకు వెళ్లినప్పుడు సువార్త వినెను. ఇంటికి వచ్చి మొదట చెప్పినది భార్య నాగమ్మగారికే. 1866లో ఆ దంపతులు బాప్తిస్మము పొందిరి. పిమ్మట ఆయన ఇద్దరు మనుష్యులచేత మజ్జిగకుండ మోయించుకొని ఊరూర తిరిగి, దప్పిగొన్నవారికి మజ్జిగ పోసి మాటలాడెడివాడు. ప్రసంగమునకు ముందు మజ్జిగ! ఎండ నెరిగినవాని పద్ధతి యిది. 1867 జనవరిలో క్లౌ దొరగారు తాళ్లకొండపాడు వచ్చి 28 మందికి బాప్తిస్మమిచ్చిరి.

అంతట శ్రమలు మొదలాయెను. విశ్వాసులు చచ్చిన పశువుల మాంసము మానిరి, గ్రామదేవతల కొలుపులలో డప్పు కొట్టమనిరి, ఆదివారము పనికి రామనిరి. వెట్టిమీద నడచు ఊరికి ఇది సామాన్యమైన మాట కాదు. పెద్దలు నీళ్లు కట్టడి చేసిరి, కొట్టిరి, అబద్ధపు నేరములు మోపిరి. కూలిగింజలే ఆధారమైన ఇండ్లలో ఈ తెగువ వెల యెంతో ఊహించుడి.

1876-78 కరవులో క్లౌగారు బకింగ్‌హాం కాలువ పని గుత్తకు తీసికొని ఆకలిగొన్నవారికి కూలి యిచ్చిరి. 1878 జూలై 3న గుండ్లకమ్మలో 2,222 మంది బాప్తిస్మము పొందిరి.

ఈ వృత్తాంతములలో చాలమట్టుకు మిగులుటకు కారణము, క్లౌగారి భార్య ఎమ్మాగారు వృద్ధుల నడిగి వ్రాసికొని, 1899లో పుస్తకముగా ప్రకటించుటయే. పేరయ్యగారితోకూడ నాగమ్మగారి పేరును అందున్నది.