సర్ తామస్ మన్రో: తలపెట్టిన కార్యమును విడువని పాలకుడు

మంచి యాలోచన చేయువారు లోకమున పెక్కుమంది గలరు. ఆ యాలోచనను పొలముగట్టువఱకు గొనిపోయి, ఫలము చేతికందువఱకు విడువనివారు మాత్రము మిక్కిలి యరుదు. మన సీమ చరిత్రమున నట్టివారినిగూర్చి తలచునపుడు మాకు మొదట స్ఫురించు పేరు సర్ తామస్ మన్రోది. ఓర్వకల్లునకు పడమటిదిక్కున, మన కర్నూలు జిల్లాలోని పత్తికొండయందే యాయన కన్నుమూసెను. ఆయన యెవరో, ఈ మెట్టసీమలో నేమి సాధించెనో, ఏది సాధింపకయే పోయెనో మా విద్యార్థులకును వారి తలిదండ్రులకును తెలుపుటకై యీ చరిత్రము వ్రాయుచున్నాము.

మన్రో 1761 సంవత్సరము మే నెల 27వ తేదీన స్కాట్లండుదేశమందలి గ్లాస్గో నగరమున జన్మించెను. తండ్రి యలెగ్జాండరు మన్రో అమెరికాలోని వర్జీనియాతో పొగాకు వ్యాపారము చేయు వర్తకుడు. అమెరికా స్వాతంత్ర్యయుద్ధము వచ్చుటతో నా వ్యాపారము కూలి కుటుంబము చితికిపోయెను. గ్లాస్గో విశ్వవిద్యాలయమున చదువుకొనిన కుమారుడు కుంపిణీ సైన్యమున చిన్న యుద్యోగము సంపాదించుకొని 1780 జనవరిలో చెన్నపట్టణము చేరెను. ఆ యేడే హైదరాలీతో యుద్ధ మారంభమయ్యెను. పండ్రెండేండ్లు సైనికుడుగా నుండి, 1792లో సేలముప్రాంతమందలి బారామహలునకు పోయి, కెప్టెను రీడ్‌గారిక్రింద శిస్తు వసూలు పనిలో ప్రవేశించెను. అచట నేడేండ్లు గ్రామగ్రామము తిరిగి, రైతుతో మాటలాడి, నేలను చూచి లెక్కకట్టు విద్యను నేర్చెను. టిప్పుసుల్తాను మరణానంతరము 1799లో కన్నడమండలమునకు కలెక్టరయ్యెను.

1800 అక్టోబరులో నిజాము తన యధీనమందున్న బళ్లారి, అనంతపురము, కడప ప్రాంతములను, కర్నూలుసీమలో కొంతభాగమును కుంపిణీవారికి వదలుకొనెను. ఇవియే దత్తమండలములు. రాయలసీమ యను పేరు 1928లో నంద్యాలసభలో పుట్టినదాక ఆ పేరే నిలిచినది. కర్నూలు నగరమును దాని పరిసరములును అప్పటికి నవాబు పాలనలోనే యుండెను; ఆ భాగము కుంపిణీవారి చేతికి వచ్చినది 1839లో. పత్తికొండ మాత్రము మొదటినుండి దత్తమండలములలోనిదై, 1858లో బళ్లారినుండి కర్నూలు జిల్లాకు మాఱినది.

ఇట్లు సంక్రమించిన దేశమునకు మన్రో ప్రధాన కలెక్టరుగా వచ్చెను. ఆయనక్రింద నలుగురు కలెక్టర్లుండిరి. దేశము వైశాల్యము ఇంచుమించు ఇరువదియాఱువేల చదరపుమైళ్లు. ఎనుబదిమంది పాలెగాండ్రు, వారియొద్ద షుమారు ముప్పదివేల సాయుధ భటులు. పలు గ్రామములు కోటగోడల నడుమ నుండెను. ఏటేట చేతులు మాఱిన పాలకులు తలకొక రీతిగా శిస్తు పిండుకొనగా రైతు ఎవరిని నమ్మవలయునో యెఱుగని స్థితి యేర్పడెను. 1801లో తెర్నేకల్లు గ్రామస్థులు శిస్తుద్యోగులను చంపి, కోట తలుపులు మూసికొని, సేనతో పోరాడిరి. దేశ మెట్లుండెనో యీ యొక్క సంగతియే చెప్పును.

మన్రో యుద్దేశించిన కార్యము మూడు మెట్లుగా నుండెను. మొదటిది ఆయుధములను అణచి శాంతి నెలకొల్పుట. రెండవది ప్రతి చేనిని కొలుచుట. మూడవది నడుమ జమీందారుగాని ఇజారాదారుగాని లేక ప్రభుత్వము నేరుగా రైతుతోనే శిస్తు నిర్ణయించుకొనుట. ఈ మూడవదానికే రైతువారీ యని పేరు. బంగాళాదేశమున 1793లో జమీందారులతో శాశ్వతపు ఏర్పాటు జరిగియుండెను. చెన్నపట్టణపు అధికారులలో పలువురకు నదియే నచ్చియుండెను. పదిమంది జమీందారులతో మాటలాడుట సులభము, లక్షలమంది రైతులతో లెక్క చూచుట దుష్కరము. ఈ దుష్కరమైన మార్గమునే మన్రో యెన్నుకొనెను.

జనరలు క్యాంబెలుగారి సేన తోడ్పడగా ఒకటిరెండేండ్లలో పాలెగాండ్ర బలము విఱిగెను. కొందఱు తరుమబడిరి, కొందఱు శిస్తుదారులైరి. ఈ పనిలో మన్రో కాఠిన్యమును లండనులోని డైరెక్టర్లే యాక్షేపించిరి. ఆ గాయము పూర్తిగా మానలేదనుటకు 1846లో కోవెలకుంట్లప్రాంతమున ఉయ్యాలవాడ నరసింహారెడ్డి యెత్తిన తిరుగుబాటే సాక్ష్యము. చరిత్రము వ్రాయువారు దీనిని దాచరాదు.

పైమాషీ, అనగా భూముల కొలత, 1802 జూనులో గుత్తియొద్ద మొదలయ్యెను. అప్పటికి దేశములో కొలత నెఱిగినవారు బారామహలు కచ్చేరినుండి వచ్చిన నలుగురు గుమాస్తాలే. వారిచేత స్థానికులకు నేర్పించి, ఆ నలుగురిని క్రమముగా నూర్గురివఱకు పెంచిరి. గొలుసు పొడవు ముప్పదిమూడడుగులు. అట్టి గొలుసు చదరములు నలువది యొక యెకరము. కొండలు మినహా మెట్ట, మగాణి, తోట, బంజరు, చెఱువు, బాట మున్నగునవి యన్నియు కొలతకు వచ్చెను. మొదట నెలజీత మిచ్చినప్పుడు పని మందగించెను. అంతట కొలిచిన యెకరముల లెక్కను కూలి యేర్పఱచిరి. కూలికై తొందరపడి తప్పు కొలుచువా రుందురని, వారి పనిని మరల కొలిచి చూచుటకు నెలజీతపు తనిఖీదారులను వేఱుగా నియమించిరి. తప్పు పెద్దదైనచో కొలిచినవాని యుద్యోగము పోవును. పిమ్మట రెడ్డి, కరణము, రైతుల సమక్షమున నేలల తరగతులు నిర్ణయించిరి. మా విద్యార్థులు దీనిని గమనింపవలయును: నమ్మకము వేఱు, తనిఖీ వేఱు, పెద్దకార్యము నడుపువానికి రెండును కావలయును.

ఈ పని సాగిన కాలములో మన్రో బంగళాలో కూర్చుండలేదు. ఏడాదిలో నధికభాగము గుడారములలో గడపుచు, గ్రామమునుండి గ్రామమునకు పోవుచు, చెట్లక్రిందనే రైతుల మొఱలు వినుచుండెను. అందుచేత కచ్చేరిలో వ్రాసిన యంకెకును చేనిలో కనబడు పంటకును గల భేదము ఆయన కన్నులకు తెలిసెను.

ఏడేండ్లలో నీ మండలముల భూమిశిస్తు ఏటికి షుమారు నాలుగులక్షల పౌనులనుండి ఆఱులక్షల పౌనులకు పెరిగెను. కుంపిణీవారి కనులకు ఇదియే ఫలితము. వేఱొక డయినచో బహుమానము నాశించి యంతటితో నూరకుండెడివాడు. మన్రో యట్లు తలపలేదు. తాను విధించిన శిస్తు బరువైనదనియు, దానిని భరించుచు రైతు పశువులను, విత్తనములను సమకూర్చుకొనజాలడనియు నాయనకు దెలియును. 1807లో స్వదేశమునకు మఱలుటకు ముందు సమర్పించిన నివేదికలో, శిస్తును నూటి కిరువదియైదు పాళ్లు తగ్గింపవలయుననియు, తోటభూములకు, అనగా బావులక్రింద సాగగువానికి, ఇంకను తగ్గింపవలయుననియు కోరెను. ప్రభుత్వమువా రంగీకరింపలేదు. అంతేగాక రైతువారీనే తీసివేసి, గ్రామములను మొదట మూడేండ్లకును పిమ్మట పదియేండ్లకును ఇజారాకిచ్చిరి. శిస్తు తగ్గలేదు, నడుమ ఇజారాదారు చేరెను. పెక్కు గ్రామపెద్దలు బాకీపడి చితికిపోయిరి. కొందఱు చెఱసాల పాలైరి. రైతు మాట చెప్పనక్కఱలేదు.

మన్రో ఇంగ్లండునందును ఈ విషయము మఱువలేదు. 1813లో పార్లమెంటువారి విచారణయందు సాక్ష్యమిచ్చెను. 1814లో న్యాయస్థానముల సంస్కరణసంఘమునకు పెద్దగా మఱల చెన్నపట్టణము వచ్చెను. 1820 జూనులో ఆ రాజధానికి గవర్నరయ్యెను. పదుమూడేండ్లక్రింద తాను కోరిన తగ్గింపును తానే యప్పుడు దత్తమండలములలో నమలుపఱచెను. మా తలంపులో నాయన కార్యము ముగిసినది శిస్తు పెరిగిన 1807లో గాదు. ఆ బరువు రైతు వీపునుండి కొంత దిగిన యీ కాలమునందే.

పాఠశాలలవిషయమున నింకొక సంగతి గలదు. 1822లో మన్రో జిల్లాలన్నింట విద్యాస్థితి విచారింప నాజ్ఞాపించెను. కలెక్టర్లు పంపిన లెక్కలలో 12,498 పాఠశాలలును 1,88,650 మంది విద్యార్థులును తేలిరి. ఇది చాలదని తలచి 1826 మార్చిలో జిల్లాలలో నలువదియు, తహశీళ్లలో మూడువందలును పాఠశాలలు స్థాపింపవలయునని సూచించెను. కాని మఱుసటి యేడే యాయన చనిపోయెను. తహశీలు పాఠశాలలు షుమారు డెబ్బది మాత్రమే యేర్పడి, జీతము చాలని యుపాధ్యాయులతో, చూచువారు లేక క్షీణించి, 1836లో మూతపడెను. శిస్తు పథకమును వెంటాడుటకు కర్త బ్రదికియుండెను. ఈ పథకమున కట్టివాడు లేకపోయెను. ఒక్కనిమీదనే నిలిచిన కార్య మానాటితోనే పోవును. తనవెనుక నడుపువారిని సిద్ధపఱచుటయు నాయకుని పనిలో భాగమే.

1827లో ఉద్యోగము విడిచి స్వదేశము చేరుటకు సిద్ధమైయుండియు, దత్తమండలములను కడసారి చూడగోరి మన్రో ప్రయాణమైవచ్చెను. దారిలో కలరా వ్యాపించియుండెను. జులై 4వ తేదీన గుత్తి చేరెను. 6వ తేదీన పత్తికొండయొద్ద ఆ వ్యాధి సోకి, ఆనాడే మరణించెను. గుత్తిలో సమాధిచేసి, 1831లో నవశేషములను చెన్నపట్టణపు కోటలోని సెయింటు మేరీ దేవాలయమునకు చేర్చిరి. పత్తికొండయందు ఆయన జ్ఞాపకార్థము బావియు తోపును ఏర్పడెను. చెన్నపట్టణమున 1839లో శిల్పి ఛాంట్రీ చేసిన యశ్వారూఢవిగ్రహమును నిలిపిరి. మంత్రాలయమున రాఘవేంద్రస్వామి ఆయనకు దర్శనమిచ్చెననియు, గండిక్షేత్రమున బంగారుతోరణము కనబడెననియు జనులు నేటికిని చెప్పుకొందురు. అవి జనుల నమ్మికలు. పరాయి ప్రభుత్వపు ఉద్యోగిని జనులు తమ కథలలో చేర్చుకొనుటయే యిచట గమనింపదగినది.

మన్రోలో దోషములు లేకపోలేదు. ఆయన కొలువు పరాయి కుంపిణీది; ఆయన వసూలుచేసిన సొమ్ము మొదట దాని ఖజానాకే చేరెను. అయినను తాను తెచ్చిన యంకెను చూచి తానే తృప్తిపడక, ఆ యంకె క్రింద నలిగినవానిని తలచి, పదుమూడేండ్లు తన మాటను విడువక నెఱవేర్చిన పాలకుడని మేము చెప్పగలము. పరీక్షలో మార్కులు, అంగడిలో లాభము, కచ్చేరిలో వసూలు, ఏదైనను సరే, అది యెవరికి మేలు చేసెనని యడుగక కార్యము ముగిసెననుకొనరాదు. పత్తికొండదారిని పోవు మా విద్యార్థులు ఆ తోపునొద్ద నొక్కక్షణము నిలిచి యీ సంగతిని తలచుకొందురుగాక.