పంచాంగాన్ని సరిదిద్దిన మహనీయుడు – పఠాణి సామంత

ఉగాది వస్తోందంటే వేపపువ్వు, మామిడికాయల కోసం ఇండియన్ షాపుల చుట్టూ తిరగడంతో పాటు మనందరికీ ఇంకొక సందేహం కూడా తప్పదు. ఇండియాలో చేసుకునే రోజే మనమూ చేసుకోవాలా, లేక ఒక రోజు ముందా? రెండు పంచాంగాలు రెండు తేదీలు చెబితే దేన్ని పాటించాలి? జీలకర్ర-బెల్లం పెట్టే క్షణం నుంచి కొత్త ఇంట్లో పాలు పొంగించే వేళ దాకా మనం పంచాంగం మీదే ఆధారపడతాం. అంత నమ్మకం పెట్టుకున్న పంచాంగం లెక్కే తప్పితే? ఈ ప్రశ్నకు జవాబు వెతకడానికి జీవితమంతా వెచ్చించిన ఒక మహనీయుని గురించి ఈ ఉగాది వేళ తెలుసుకుందాం.

ఆయన మహామహోపాధ్యాయ సామంత చంద్రశేఖరులు. 1835 డిసెంబరు 13న మన పొరుగున ఉన్న ఒడిశాలో ఖండపడా అనే చిన్న సంస్థానంలో రాజవంశంలో జన్మించారు. అంతకు ముందు పుట్టిన బిడ్డలు దక్కకపోవడంతో ఈ బిడ్డను ఒక ముస్లిం ఫకీరుకు అప్పగించినట్లుగా చేసి, పఠాణి అని పిలుచుకున్నారని చెబుతారు. మన వైపు ఇలాంటి పిల్లలకు పుల్లయ్య, పెంటయ్య అని పేర్లు పెట్టడం మనకు తెలిసినదే. ఆ ముద్దుపేరే లోకంలో నిలిచిపోయింది.

రాజవంశమన్న మాటే గాని ఆయనకు పెద్ద సంపద లేదు. ఇంగ్లీషు చదువు లేదు. సంస్కృతం నేర్చుకున్నారు. చిన్నతనంలోనే పినతండ్రి దగ్గర జ్యోతిషం మొదలుపెట్టి, నక్షత్రాలను గుర్తుపట్టడం, లగ్నం కట్టడం అభ్యసించారు. 15 ఏళ్ళ వయసు వచ్చేసరికి ఆయనకు ఒక విషయం అంతుపట్టలేదు. పుస్తకంలోని లెక్క ప్రకారం ఒక నక్షత్రం ఉదయించవలసిన వేళకు బయటికి వెళ్ళి చూస్తే అది అక్కడ లేదు. గ్రహాలదీ అదే తీరు. ఇంకొకరైతే తన లెక్కలోనే పొరపాటు ఉందనుకుని ఊరుకునేవారు. ఆయన ఊరుకోలేదు. రాత్రుళ్ళు మేలుకొని ఆకాశాన్ని కొలవడం మొదలుపెట్టారు.

కొలవడానికి ఆయన దగ్గర టెలిస్కోపు లేదు. పనిముట్లన్నీ ఆయనే తయారుచేసుకున్నారు. వాటిలో ప్రసిద్ధమైనది మానయంత్రం. ఒక కర్ర చివర అడ్డంగా మరో కర్ర, దాని మీద కోణాల లెక్క ప్రకారం గుర్తులు, అంతే. కర్ర మొదలును కంటి దగ్గర పెట్టుకుని ఆ గుర్తుల గుండా చూసి గ్రహాల మధ్య దూరం, కొండల ఎత్తు కూడా చెప్పేవారు. నీడను కొలవడానికి శంకువు, కాలాన్ని కొలవడానికి నీటి గడియారం, ఆకాశాన్ని చూపే గోళయంత్రం కూడా ఆయనకు ఉండేవి. ఏళ్ళ తరబడి చూసినదంతా సంస్కృత శ్లోకాలలో తాటాకుల మీద ఒరియా లిపిలో రాసి, 1869లో సిద్ధాంత దర్పణం అనే గ్రంథాన్ని పూర్తిచేశారు. అందులో సుమారు 2,500 శ్లోకాలున్నాయి.

ఇంతకీ ఆయన సరిదిద్దినదేమిటి? సూర్యుని నుంచి చంద్రుడు 12 డిగ్రీలు ముందుకు జరిగితే ఒక తిథి అవుతుంది. చంద్రుని నడక ఒకే వేగంతో ఉండదు గనుక ఒక తిథి సుమారు 20 గంటల నుంచి 27 గంటల దాకా ఉండవచ్చు. చంద్రుని స్థానం లెక్కలో ఒక్క డిగ్రీ తేడా వచ్చినా తిథి దాదాపు 2 గంటలు అటూ ఇటూ అవుతుంది. ఏకాదశి ఉపవాసానికి, శ్రాద్ధానికి, గ్రహణ స్నానానికి ఇది చిన్న తేడా కాదు. చంద్రుని నడకలో తుంగాంతరం, పాక్షికం, దిగంశం అనే మూడు సవరణలు చేయాలని చంద్రశేఖరులు కనుగొన్నారు. ఐరోపాలో ఈ సవరణలు అప్పటికే తెలిసినవే. ఆ పుస్తకాలేవీ చూడకుండా, కర్రతో కొలిచి ఆయన అక్కడికి చేరుకున్నారు.

ఆయన సంప్రదాయాన్ని కాదన్నవారు కారు. జగన్నాథుని భక్తులు, ఆచారపరులు, జ్యోతిషం మీద నమ్మకం ఉన్నవారు. గ్రహాలు సూర్యుని చుట్టూ, సూర్యుడు భూమి చుట్టూ తిరుగుతాయని కూడా నమ్మారు. ఇది సరికాదని ఈనాడు మన పిల్లలకు కూడా తెలుసు. అయినా లెక్కకు, కంటికి తేడా వచ్చినప్పుడు ఆయన లెక్కనే మార్చారు. ఆ సవరణను శాస్త్రానికి అపచారంగా తలచలేదు, సేవగానే భావించారు.

గుర్తింపు మెల్లగా వచ్చింది. పూరీ గజపతి మహారాజు హరిచందన మహాపాత్ర బిరుదుతో గౌరవించారు. జగన్నాథ స్వామి సేవల వేళలకు ఆయన గణితమే ఆధారమైంది. 1893లో బ్రిటిష్ ప్రభుత్వం మహామహోపాధ్యాయ బిరుదునిచ్చింది. కటక్ కాలేజీలో ఆచార్యులైన జోగేశ్ చంద్ర రాయ్ ఆ తాటాకుల విలువ గ్రహించి, ఇంగ్లీషులో విపులమైన పీఠిక రాసి, 1899లో కలకత్తాలో గ్రంథాన్ని అచ్చు వేయించారు. ఆ సంవత్సరమే ఇంగ్లండులోని నేచర్ పత్రిక దానిని సమీక్షించింది. 1904 జూన్ 11న ఆయన పూరీలో జగన్నాథుని సన్నిధిలో కన్నుమూశారు. భువనేశ్వర్‌లోని ప్లానెటేరియానికి ఆయన పేరే పెట్టారు. 2001లో భారత ప్రభుత్వం తపాలా బిళ్ళ విడుదల చేసింది.

పూర్వ పద్ధతి, దృక్ పద్ధతి అని మన తెలుగు పంచాంగాలలో వినిపించే వాదన కూడా ఇటువంటిదే. దృక్ అంటే చూపు. కంటికి కనిపించే ఆకాశంతో లెక్క సరిపోవాలన్నదే ఆ పద్ధతి. స్వాతంత్ర్యం వచ్చాక 1952లో మేఘనాథ్ సాహా అధ్యక్షతన ఏర్పడిన సంఘం కూడా ఆధునిక గణితాన్నే సిఫారసు చేసింది.

ఇక మన సందేహానికి వద్దాం. తిథి మారే క్షణం లోకమంతటికీ ఒకటే. సూర్యోదయం మాత్రం ఏ ఊరికి ఆ ఊరిది. మన పండుగలు చాలావాటికి సూర్యోదయానికి ఉన్న తిథే ముఖ్యం. హైదరాబాదులో తెల్లవారాక పాడ్యమి మొదలైతే వారికి మర్నాడు ఉగాది. అమెరికాలో సూర్యుడు కొన్ని గంటలు ఆలస్యంగా ఉదయిస్తాడు గనుక ఆ రోజే మనకు పాడ్యమి రావచ్చు. అప్పుడు మనం ముందు రోజు చేసుకోవడం తప్పు కాదు. అది ఈ ఊరి ఆకాశం చెప్పిన తేదీ. ఊళ్ళో అమ్మానాన్నలకు ఫోనులో ఈ మాట వివరిస్తే వారి బెంగ కూడా తీరుతుంది.

పంచాంగ శ్రవణానికి పిల్లలను తప్పక తీసుకురండి. ఆ తరువాత విదియ నాడో, తదియ నాడో సాయంత్రం మబ్బు లేకపోతే వారిని బయటికి తీసుకెళ్ళి పడమటి దిక్కున సన్నని నెలవంకను చూపించండి. పంచాంగంలో చదివిన తిథిని కంటితో చూడడం ఎలాగో వారికి అప్పుడే తెలుస్తుంది.

అందరికీ ఉగాది శుభాకాంక్షలు.