మూడు గొంతుల దళం – మన సుద్దాల హనుమంతు

మా గదిలో పోయిన సంవత్సరం వరకు ఒక అన్న ఉండేవాడు. పాలమూరు వైపు ఊరు, డిగ్రీ ఫైనలియర్. ఎప్పుడు చూసినా చెవుల్లో ఇయర్‌ఫోన్లే. ఏం వింటున్నావన్నా అని అడిగితే ఒకటి తీసి నా చెవిలో పెట్టేవాడు. మొదట్లో నాకు రేకుల ఇంటి మీద రాళ్ళవాన పడ్డట్టే వినిపించింది, నవ్వాను. ఆయన కోపం చేసుకోలేదు. ఒక రాత్రి కరెంటు పోయినప్పుడు డాబా మీద కూర్చోబెట్టి ఓపికగా చెప్పాడు. దాన్ని ఆల్టర్నేటివ్ రాక్ అంటారట. పెద్ద కంపెనీలు అమ్మే పాటలకు పక్కన వేరే దారి వేసుకున్న పాటలన్న మాట. నిర్వాణ అనే బ్యాండు గురించి చెబుతుంటే ఆయన గొంతే మారిపోయేది. అమెరికాలో కట్టెకోత మిల్లుల చిన్న పట్టణం అబర్డీన్. అక్కడి పిల్లలు 1987లో ఆ బ్యాండు మొదలుపెట్టారు. 1989లో వచ్చిన వాళ్ళ మొదటి ఆల్బమ్ రికార్డింగుకు అయిన ఖర్చు దాదాపు 606 డాలర్లేనట. 1991లో వచ్చిన రెండో ఆల్బమ్‌తో ప్రపంచమంతా వాళ్ళ వైపు తిరిగింది. బ్యాండులో ఉన్నది ముగ్గురే. పాడిన కర్ట్ కొబేన్ 1994లో 27 ఏళ్ళకే పోయాడని చెప్పి అన్న చాలాసేపు మాట్లాడలేదు.

చివరికి ఒక మాట అన్నాడు. మన దిక్కు అట్లాంటి బ్యాండ్లు ఎక్కడివిరా, మనకు సినిమా పాట తప్ప ఏమున్నది అని. ఆ రోజు నా దగ్గర జవాబు లేదు. మన వార్షికోత్సవ సంచికకు ఏదైనా రాయమని సార్లు అడిగినప్పుడు అదే గుర్తుకు వచ్చింది. అన్నా, నీ ప్రశ్నకు నా జవాబు ఇది. కొంచెం ఆలస్యమైంది.

మా తాత పశువుల కొట్టం దగ్గర ఒక పాట కూనిరాగం తీస్తుంటాడు. పల్లెటూరి పిల్లగాడా అనే పాట. అది ఎవరు రాశారు తాతా అంటే, ఎవరు రాసుడేందిరా, అది పాట అన్నాడు. ఊళ్ళో ఇంకొకరిని అడిగితే సినిమా పాట అన్నారు. ఇద్దరిదీ సగం నిజమే. ఆ పాట సినిమాలోకి రాకముందు ముప్పై ఏళ్ళకు పైగా జనం నోట్లో ఉన్నది. రాసినాయన మన పాత నల్లగొండ జిల్లా మనిషి, సుద్దాల హనుమంతు.

హనుమంతు 1910 జూన్‌లో మోత్కూరు దగ్గర పాలడుగు గ్రామంలో ఒక పేద పద్మశాలి కుటుంబంలో పుట్టారు. తండ్రి బుచ్చిరాములు, తల్లి లక్ష్మీనరసమ్మ. తండ్రి ఆయుర్వేద వైద్యం చేసేవారు. అసలు ఇంటి పేరు గుర్రం. గుండాల మండలం సుద్దాలలో స్థిరపడ్డాక ఆ ఊరి పేరే ఇంటి పేరైపోయింది. ఈ ఊళ్ళన్నీ ఇప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో ఉన్నాయి. నిజాం రాజ్యంలో బడి చదువు ఉర్దూలో సాగేది, అదీ ఊరికొక బడి ఉన్న కాలం కాదు. తెలుగు పిల్లలకు తెలుగు ఎక్కువగా చెవుల గుండానే వచ్చేది. రాత్రిపూట యక్షగానం, హరికథ, భజన. హనుమంతుకు చిన్నప్పటి నుంచీ అవంటే ప్రాణం. చూసి ఊరుకోకుండా వేషాలు కట్టారు, పాడారు. ఆయన చదువుకున్న అసలు కాలేజీ అదేనని నేననుకుంటాను.

తర్వాత హైదరాబాదుకు పోయి చిన్న ఉద్యోగం చేశారు. అక్కడ ఆర్యసమాజంతో పరిచయమైంది. ఉద్యోగంలో నిలవలేదు, మళ్ళీ ఊరి దారి పట్టారు. సర్కారు కొలువంటే మన ఇళ్ళల్లో ఈ రోజుకూ దేవుడి వరం లెక్క చూస్తారు. అది వదిలి దొరల పాలన ఉన్న పల్లెకు తిరిగి రావడం ఎంత పెద్ద సంగతో మనకు వేరే చెప్పనక్కరలేదు.

ఆ పల్లెలు ఎట్లా ఉండేవో మన ముత్తాతలకు తెలుసు. వెట్టి. ప్రతి కులం దొర గడీకి ఊరికే పని చేయాలి. అప్పు తీర్చడానికి కొడుకును జీతం పెట్టాలి. ఆ కొడుకు ఏడేళ్ళవాడైనా సరే. అట్లా జీతం ఉన్న పిల్లల్లో ఎక్కువ మంది మన వాడల పిల్లలే. మా తాత కూడా చిన్నప్పుడు ఒకాయన దగ్గర జీతం ఉన్నవాడే. అందుకే ఆ పాట ఆయనకు రాసిన పాటగా కాదు, తన ఒంటి మీది బట్టగా అనిపిస్తుందేమో.

1944లో భువనగిరిలో రావి నారాయణరెడ్డి గారి అధ్యక్షతన ఆంధ్రమహాసభ జరిగింది. పదకొండవ మహాసభ అది. హనుమంతు అక్కడ వాలంటీరుగా పనిచేశారు. అప్పటికి ఆయన వయసు దాదాపు 34. తిరిగి వచ్చి సుద్దాలలో సంఘం పెట్టారు. సంఘం మాట జనానికి ఎట్లా చేరాలి? కరపత్రం వేస్తే చదివేవాళ్ళు లేరు, సభ పెడితే పోలీసులు, దొర మనుషులు. ఆయన దగ్గర ఉన్నది గొంతు ఒక్కటే. దానితోనే దళం కట్టారు.

ఇక్కడ కొంచెం ఆగి చెప్పాలి, ఎందుకంటే ఆయన గొప్పతనమంతా ఇక్కడే ఉన్నదని నాకనిపిస్తుంది. ఆయన కొత్త కళను ఎక్కడినుంచో తేలేదు. జనం అప్పటికే ఇష్టపడి చూసేవాటినే తీసుకున్నారు. బుర్రకథ సంగతి చూడండి. నడుమ కథకుడు భుజాన తంబుర పెట్టుకొని, కాళ్ళకు గజ్జెలు కట్టి కథ నడుపుతాడు. రెండు పక్కల గుమ్మెటలు వాయిస్తూ వంతలు పాడేవాళ్ళు. వంతల్లో ఒకరు హాస్యం చెబుతారు, ఇంకొకరు రాజకీయం చెబుతారు. అంటే ఈ కథలో నేటి ఊరి సంగతి మాట్లాడడానికి ఒక మనిషికి ముందే చోటున్నది! కథ ఎంత పాతదైనా, రాజకీయం చెప్పేవాడు నిన్న ఆ ఊళ్ళో జరిగిన అన్యాయాన్ని మధ్యలో దూర్చవచ్చు. నిర్వాణ ముగ్గురు, బుర్రకథ ముగ్గురు. అన్నా, ఇది నువ్వు గమనించి ఉండవు.

బుర్రకథ ఒక్కటే కాదు. గొల్లసుద్దులు కట్టారు. గొంగడి, కర్ర ఉంటే ఆ వేషమైపోతుంది. ఫకీరు వేషం, పిట్టలదొర, సాధనాశూరులు కూడా ఆయన వాడుకున్నారు. పిట్టలదొరను మన ఊళ్ళల్లో చూసినవాళ్ళు ఇంకా ఉన్నారు. పాత కోటు, టోపీ, చేతిలో కట్టె తుపాకీ, నోరు తెరిస్తే కోతలు. లేని జాగీర్లు ఉన్నాయని చెప్పుకునే ఆ దొరను చూసి జనం నవ్వుతారు. గడీలో ఉన్న నిజం దొరను చూసి వణికే జనం, వేషం దొరను చూసి నవ్వడం నేర్చుకుంటే తర్వాత ఏమవుతుందో ఊహించండి. ఇంకో లాభం కూడా ఉన్నది. సభకు వచ్చే నాయకుడిని పోలీసు గుర్తుపడతాడు గానీ, ఊరూరా అడుక్కుంటూ తిరిగే ఫకీరును ఎవరు ఆపుతారు?

ఖర్చు లెక్క చూస్తే 606 డాలర్లు కూడా చాలా ఎక్కువ. గొంగడి ఇంట్లోదే, కర్ర చెట్టుదే. మైకు లేదు, క్యాసెట్టు అనేది అప్పటికింకా ప్రపంచంలోనే పుట్టలేదు. పాట ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి పోవాలంటే విన్నవాడు దాన్ని నోట పట్టుకొని నడిచిపోవాలి. అట్లా నడిచిన పాటకు ఒక నష్టం జరుగుతుంది. పాట చేరుతుంది, రాసినవాడి పేరు దారిలో పడిపోతుంది. మా తాత విషయంలో జరిగింది అదే.

1946 జూలై 4న కడవెండిలో దొర మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయాడు. అప్పటినుంచి నల్లగొండ పల్లెలు అంటుకున్నాయి. హనుమంతు పాటలు ఆ పోరాటంతో కలిసి నడిచాయి. వీర తెలంగాణ పేరుతో యక్షగానం రాశారు. 1948 సెప్టెంబరులో పోలీసు చర్యతో నిజాం పాలన పోయింది, 1951 అక్టోబరులో సాయుధ పోరాటాన్ని విరమించారు. దెబ్బకు దెబ్బ అనే తీరులో కూడా ఆయన పాటలు రాశారు. అవి ఆ కాలానికి అవసరమే. కానీ నా మట్టుకు నాకు పల్లెటూరి పిల్లగాడా ముందు అవన్నీ ఒక మెట్టు కిందే. పెద్దలు ఒప్పుకోకపోతే మన్నించాలి.

ఎందుకంటే ఆ పాటలో తిట్టు లేదు. దొరను పేరు పెట్టి పిలవడం లేదు. పశువులు కాసే ఒక చిన్న పిల్లవాడి దగ్గర నిలబడి, వాడిని పలకరిస్తాడు కవి. జీతం కుదిరి ఎంత కాలమైందని అడుగుతాడు. వాడి బట్టను, వాడి కాళ్ళను చూస్తాడు. వాడికి కొలిచిచ్చే గింజలు కూడా సరైనవి కావని గమనిస్తాడు. అంతే. విన్నవాడికి కోపం తనంతట తనకే రావాలి. ఊళ్ళో ఎవరూ ఆ పిల్లవాడిని అంతకు ముందు ఒక ప్రశ్న కూడా అడిగి ఉండరు. పనులు చెప్పి ఉంటారు, కొట్టి ఉంటారు. అడిగింది మాత్రం ఈ పాటే.

నాకు ఇది చదివిన కథ కాదు. మా బ్యాచ్‌లో ఒకడు ఉండేవాడు, తొమ్మిదో తరగతిలో నా పక్క ట్రంకు పెట్టె వాడిదే. రాత్రి స్టడీ అవర్ అయిపోయాక అన్నం ప్లేటు మీద దరువేస్తూ సార్లందరి నడకా మాటా చేసి చూపించేవాడు. దసరా సెలవులకు ఇంటికి పోయి తిరిగి రాలేదు. వాళ్ళ నాయన కాలు విరిగిందని, గొర్ల వెంట వీడు పోతున్నాడని తర్వాత తెలిసింది. కొన్ని రోజులు వాడి గురించి మాట్లాడుకున్నాం. తర్వాత ఆ చోట వేరే వాళ్ళ ట్రంకు వచ్చింది. ఎన్నాళ్ళయిందిరా అని వాడిని నేను అడగనే లేదు.

హనుమంతు తర్వాతి జీవితం కమ్యూనిస్టు పార్టీతో, పాటతోనే గడిచింది. 1980లో మా భూమి సినిమా విడుదలైంది. గౌతమ్ ఘోష్ దర్శకుడు, నిర్మాతల్లో మన బి. నర్సింగరావు గారు ఒకరు. కృష్ణచందర్ ఉర్దూ నవల ఆధారంగా తీసిన ఆ సినిమాలో సంధ్య గారు పల్లెటూరి పిల్లగాడా పాడారు. బండి యాదగిరి పాటను గద్దర్ పాడింది కూడా అందులోనే. తన పాట తెర మీదికి వచ్చిన రెండేళ్ళకు, 1982 అక్టోబరు 10న, క్యాన్సర్‌తో హనుమంతు కన్నుమూశారు. ఆయన కొడుకు సుద్దాల అశోక్‌తేజ ఉపాధ్యాయుడిగా పనిచేసి సినిమా కవి అయ్యారు, 2003 నాటి ఠాగూర్ సినిమా పాటకు జాతీయ అవార్డు తెచ్చుకున్నారు. అమ్మానాన్నల పేర్లు కలిపి హనుమంతు–జానకమ్మ పురస్కారం ఇస్తున్నారు.

కొడుకు ఒక్కడే వారసుడు కాదు. 1972లో మొదలైన జననాట్యమండలి వాళ్ళు గోచి, గొంగడి, గజ్జెలతో వేదిక ఎక్కితే, సుద్దాల దళం నడిచిన దారిలోనే నడిచారు. పాలమూరు గౌరారం నుంచి గోరటి వెంకన్న గారు వచ్చారు. పల్లె ఏడుస్తున్నదని ఆయన పాడితే, ఎనభై ఏళ్ళ కింద పశులకాపరి పిల్లవాడి ముందు నిలబడిన హనుమంతే నాకు గుర్తొస్తారు. తెలంగాణ ఉద్యమంలో ధూంధాంలు ఎన్ని జరిగాయో మన సీనియర్లకు తెలుసు. గిటారు లేకపోవచ్చు గానీ, దారి వేరే అన్న మాటకు ఇంతకన్న పెద్ద రుజువు ఏం కావాలి?

ఈ సారి వార్షికోత్సవంలో డ్యాన్సుల మధ్య మాకు పది నిమిషాలు ఇవ్వడానికి వార్డెన్ సారు ఒప్పుకున్నారు. తంబుర ఎక్కడా దొరకలేదు. గుమ్మెటల బదులు మెస్సులోని సాంబారు బకెట్లు రెండు కడిగి పెట్టాం. వాటి చప్పుడు మరీ తీసేయవలసినట్టు ఏమీ లేదు. కథ నేను చెబుతాను, రాజకీయం ఇంటర్ తమ్ముడు ఒకడు చెబుతాడు. మెస్సు బిల్లుల గురించి ఏమీ అనవద్దని వాడికి ముందే చెప్పి పెట్టాం. అన్నకు ఫోన్ చేస్తే తప్పకుండా వస్తానన్నాడు. హాస్యం చెప్పడానికి మాత్రం ఇంకా ఎవరినీ అనుకోలేదు. గొర్ల వెంట పోయినవాడికి వాళ్ళ ఊరి బస్సు కండక్టర్‌తో కబురు పంపాం, రెండు వారాలైంది.