తోళ్ల బేరగాడు పేరయ్య

ఒంగోలు మిషను చరిత్రలో దొరల పేర్లు మనకు బాగుగా తెలియును. తాళ్లకొండపాడు నివాసియైన యెర్రగుంట్ల పేరయ్యను మరచినవారే యెక్కువ. ఆయన మాదిగ కులస్థుడు, తోళ్ల బేరగాడు. సత్యమును వెదకుచు గురువుల నాశ్రయించి యోగము నభ్యసించెను. బేరము నిమిత్తము ఉత్తర దిక్కునకు పోయినప్పుడు బంధువొకని ద్వారా క్రీస్తును గూర్చి వినెను. ఇంటికి వచ్చి విగ్రహములకు మ్రొక్కుట మానగా, మతి చెడినదని అందరును తలంచిరి.

1866లో భార్య నాగమ్మతో ఒంగోలుకు వచ్చి, జూయెట్ దొరగారిచేత బాప్తిస్మము పొందెను. అంతటితో ఊరకుండక, తన వారికి చెప్పుచు తిరిగెను.

అదే సంవత్సరము క్లౌ దొరగారు వచ్చిరి. 1867 జనవరి 1న ఒంగోలు సంఘము ఎనిమిదిమందితో ఏర్పడెను. ఆ నెలలోనే పేరయ్య పిలుపుమీద దొరగారు తాళ్లకొండపాడు వెళ్లి చింతతోపులో దిగిరి. పేరయ్య సిద్ధపరచినవారు అన్నము, బట్టలు మూటగట్టుకొని వచ్చిరి; బాప్తిస్మము పొందనిదే తిరిగిపోము అన్నట్లుండెను వారి రాక! ఇరువది యెనిమిదిమంది బాప్తిస్మము పొందిరి.

ఇక చిక్కు వచ్చెను. మాదిగలను చేర్చుకొనినయెడల తాము రామని ఒంగోలులోని అగ్రకులస్థులు చెప్పిరి. దొరగారును దొరసానిగారును వేరువేరుగా బైబిలు తెరువగా, ఇద్దరికిని 1 కొరింథీ మొదటి అధ్యాయపు చివరి మాటలే కనబడెనట. పేరయ్య జనులు నిలిచిరి, అగ్రకులపు పిల్లలు పాఠశాల విడిచిరి.

పల్లెలలో కష్టము వేరు. ఆదివారము పని చేయము, చచ్చిన పశువుల మాంసము తినమనుట పెద్దలకు తిరుగుబాటుగా తోచెను. అయినను పేరయ్య పల్లెలు తిరుగుట మానలేదు. 1878 జూలై 3న గుండ్లకమ్మ యొడ్డున వెల్లంపల్లిలో ఒక్కనాడే 2,222 మంది బాప్తిస్మము పొందిరి.