జులూల నేలపై తెలుగు మిషనరీ

విదేశాల నుండి మన దేశానికి మిషనరీలు వచ్చిన సంగతి మనందరికీ తెలుసు. రాజోలు వైపు నుండి వసిష్ఠ దాటి నర్సాపురం వెళితే బౌడెన్, బీర్ దొరల పేర్లు నేటికీ వినబడతాయి. అయితే తెలుగు సంఘాలే చందాలు పోగుచేసి సముద్రం దాటించి పంపిన మిషనరీ ఒకరున్నారని మన కోనసీమలో ఎందరికి తెలుసు? ఆయనే జాన్ రంగయ్య గారు.

రంగయ్య గారు 1866లో జన్మించారు. నెల్లూరు బాప్టిస్టు సంఘాల బిడ్డ ఆయన. అక్కడ అమెరికన్ బాప్టిస్టుల పని 1840లో శామ్యూల్ డే గారితో మొదలైంది. ఏళ్ల తరబడి ఫలితం కనబడకపోవడంతో ఆ మిషన్‌ను మూసేద్దామా అని అమెరికాలోని పెద్దలు ఒకటికి రెండుసార్లు ఆలోచించారు. మూతపడబోయిన ఆ సంఘం నుండే అరవై ఏళ్ల తరువాత ఒక మిషనరీ విదేశానికి బయలుదేరడం దేవుని కార్యం కాక మరేమిటి? దక్షిణాఫ్రికాలోని నేటాల్‌కు కూలికి వెళ్లిన తెలుగు విశ్వాసులు తమకొక కాపరి కావాలని కోరగా, తెలుగు బాప్టిస్టు హోమ్ మిషనరీ సొసైటీ ఆయనను పంపింది. భార్య కనకమ్మ గారితో, పిల్లలతో కలిసి ఆయన 1903 జూన్‌లో డర్బన్ రేవులో దిగారు.

ఆయన అడుగుపెట్టిన నేల ఎలాంటిదో తెలియకపోతే ఆయన సేవ విలువ మనకు తెలియదు. అందుకే కాస్త వెనక్కి వెళదాం.

ఆ ప్రాంతాన్ని ఏలిన జులూ రాజు షాకాను 1828లో అతని సవతి సోదరులే చంపారు. వారిలో డింగానే అనేవాడు రాజయ్యాడు. బ్రిటిష్ పాలన ఇష్టం లేక కేప్ కాలనీని విడిచి, ఎడ్ల బండ్లమీద కుటుంబాలతో బయలుదేరిన డచ్చి సంతతి రైతులు 1837లో కొండలు దాటి నేటాల్‌లోకి వచ్చారు. వీరే బోయర్లు. బండిలో బైబిలు లేని ఇల్లు వారిలో ఉండేది కాదు. ఇక్కడ బౌడెన్, బీర్ దొరలు గోదావరి తీరంలో పని ప్రారంభిస్తున్న రోజులవే.

బోయర్ల నాయకుడు పీట్ రెటీఫ్ భూమి కోసం డింగానే దగ్గరకు వెళ్లాడు. వేరొక నాయకుడు తోలుకుపోయిన పశువులను తెచ్చి ఇస్తే భూమి ఇస్తానన్నాడు రాజు. రెటీఫ్ తెచ్చాడు, పత్రం మీద గుర్తు పడింది. కానీ 1838 ఫిబ్రవరి 6న, వీడ్కోలుకని ఆయుధాలు లేకుండా రాజు ప్రాంగణంలోకి వచ్చిన రెటీఫ్‌నూ అతని మనుషులనూ డింగానే చంపించాడు. ఫ్రాన్సిస్ ఓవెన్ అనే ఇంగ్లీషు మిషనరీ తన గుడిసె ముందు నిలబడి, ఎదుటి కొండమీద జరుగుతున్న ఆ ఘోరాన్ని చూడవలసి వచ్చింది. తరువాత కొన్ని దినాలకే జులూ సైన్యం బోయర్ల బండ్లమీద పడి స్త్రీలని, పిల్లలని చూడకుండా నరికింది.

అదే సంవత్సరం డిసెంబరులో, విజయమిస్తే ఆ దినాన్ని ఆచరిస్తామనీ ఆలయం కడతామనీ బోయర్లు దేవునికి మొక్కుకున్నారు. 16వ తేదీన ఎన్‌కోమే నది ఒడ్డున సుమారు 470 మంది తుపాకులతో నిలబడగా, 3,000 మందికి పైగా జులూలు కూలిపోయారు. నది ఎర్రబడిందని ఆ పోరాటానికి రక్తనది యుద్ధమని పేరు వచ్చింది. బోయర్లలో ముగ్గురికి మాత్రం గాయాలు తగిలాయి. వారు మొక్కు తీర్చుకున్నారు, పీటర్‌మారిట్జ్‌బర్గ్‌లో ఆలయం కట్టారు. అయితే ఆ నిబంధనలో జులూలకు చోటు లేదు. తమ విజయాన్నే దేవుని చిత్తానికి ఆధారంగా చూపడం మనకు కూడా కొత్తేమీ కాదు. 1857 నాటికి కేప్‌లోని డచ్చి సంఘం సినడ్, తెల్లవారు కానివారికి వేరుగా ఆరాధన జరుపుకోవచ్చని తీర్మానించింది.

బోయర్లకు ఆ భూమి ఎంతోకాలం దక్కలేదు. 1843లో బ్రిటిష్‌వారు నేటాల్‌ను కలుపుకున్నారు. చెరకు తోటలు వేశారు. సొంత పశువులూ పొలాలూ ఉన్న జులూలు ఏడాది పొడుగునా దొరల తోటల్లో పనిచేయడానికి ఇష్టపడలేదు. అందుకని 1860 నుండి మద్రాసు రేవు ద్వారా మనవారిని అయిదేళ్ల ఒప్పందం మీద ఓడలెక్కించారు. మన గోదావరి మనుషులు ఎక్కువగా కోరంగి నుండి రంగూన్ వెళ్లినవారే అయినా, నేటాల్ ఓడల్లో కూడా తెలుగువారు వేల సంఖ్యలో ఉన్నారు. ఎవరి గొడవో తెలియని నేలమీద, తెల్లవారికీ జులూలకూ మధ్య వచ్చిపడ్డారు పాపం.

రంగయ్య గారి మంద వీరే. షాకా హతమైన డుకూజా మీదనే స్టాంగర్ పట్టణం వెలిసింది. దానికి దగ్గరలోని కీర్స్నీ తేయాకు తోటలో 1903 డిసెంబరులో ఆయన మొదటి తెలుగు బాప్టిస్టు సంఘాన్ని స్థాపించారు. అక్కడి నుండి స్టాంగర్, డార్నాల్, డర్బన్ వరకు తోటల్లో చెదిరి ఉన్న విశ్వాసులను వెదుక్కుంటూ తిరిగారు. ఆయన వచ్చిన మూడో ఏట, 1906లో, తలపన్నుకు ఎదురుతిరిగి బంబాతా నాయకత్వంలో జులూలు లేచారు. జూన్ నెలకు ఆ మంట కీర్స్నీకి ఎగువనున్న మాపుములో వరకూ పాకింది. వేలమంది జులూలు చనిపోయారు.

మన కూలీలకు కూడా పన్ను పోటు తప్పలేదు. ఒప్పందం ముగిశాక అక్కడే ఉండదలచినవారు ఏటా 3 పౌండ్లు కట్టాలి. మొదటి ఏడాది కూలి నెలకు 10 షిల్లింగులు, అంటే ఆరు నెలల కష్టం! 1913లో గాంధీగారి పిలుపుతో కూలీలు సమ్మె చేశాక, 1914లో ఆ పన్ను రద్దయింది. అటువంటి బీదల కానుకలతోనే ఆ సంఘాలు నడిచాయి.

కష్టాలన్నీ బయటివే అనుకోకూడదు. సంఘాల్లో కూడా విభేదాలు వచ్చాయి, 1914లో చీలిక ఏర్పడింది. జులూలు, బోయర్లు, బ్రిటిష్‌వారు కొట్టుకున్న నేలమీద, ఒకే భాష మాట్లాడే గుప్పెడు విశ్వాసులు కూడా కలిసి ఉండలేకపోయారు. ఆ భారం మోస్తూనే 1915లో రంగయ్య గారు ప్రభువునందు నిద్రించారు. ఆయన కుమారుడు థియోఫిలస్ గారు తరువాతి కాలంలో నేటాల్‌లోనే తెలుగు సంఘాలకు పాస్టరుగా సేవ చేశారు.