అడవిని లెక్కగట్టిన బ్రాండిస్ దొర

అటవీ శాఖలో పనిచేసి పెన్షన్ పుచ్చుకుంటున్న మనలో డీట్రిచ్ బ్రాండిస్ పేరు వినని వారుండరు. మన ఇళ్లలో పిల్లలకు మాత్రం ఆయనెవరో తెలియదు. అందుకే ఈ ప్రత్యేక సంచికకు ఆయన జీవితాన్నే ఎంచుకున్నాను.

బ్రాండిస్ 1824లో జర్మనీలోని బాన్ నగరంలో జన్మించారు. వృక్షశాస్త్రం చదివి అక్కడే పాఠాలు చెప్పేవారు. 1856లో బర్మాలోని పెగూ టేకు అడవుల బాధ్యత ఆయనకు అప్పగించారు. వ్యాపారులు అందిన చెట్టునల్లా నరుక్కుపోతున్న రోజులవి. అడవిలో చెట్లెన్నో ఎవరికీ తెలియదు. ఆయన ఏనుగెక్కి దారి పొడవునా టేకు చెట్లను చుట్టుకొలతల వారీగా లెక్కపెట్టారు. చేతిలో వెదురు ముక్కలు, చెట్టుకో కత్తిగాటు, అంతే సరంజామా. ఏటా ఎన్ని చెట్లు ఎదిగివస్తాయో అంతకు మించి కొట్టరాదన్నదే ఆ లెక్క సారం.

నాకు అంతకన్నా గొప్పగా తోచేది కరెన్‌ల విషయం. పోడు చేసుకునే ఆ కొండవారిని ఆయన వెళ్లగొట్టలేదు. పోడు పంటలోనే టేకు మొక్కలు నాటించి డబ్బు ఇప్పించారు. దీన్నే టాంగ్యా అంటారు.

1864లో దేశానికంతటికీ మొదటి ఇన్‌స్పెక్టర్ జనరల్ ఆఫ్ ఫారెస్ట్స్ అయ్యారు. ఉందానగర్ స్టేషన్లో కాంక్రీటు స్లీపర్లు చూసే మనవలకు చెప్పాలి: ఆ రోజుల్లో రైలుపట్టాల కింద పరిచినవి చెట్లే. 1878లో డెహ్రాడూన్ ఫారెస్ట్ స్కూలు పెట్టించారు. అదే ఏడు వచ్చిన అటవీ చట్టం మాత్రం ఆయన కోరినట్టు రాలేదు. రిజర్వు అడవులతో పాటు ఊళ్లకూ సొంత అడవులుండాలని, కట్టె, గడ్డి వాటి నుంచి రావాలని ఆయన వాదం. చట్టంలో గ్రామ అడవుల అధ్యాయం పెట్టారు గాని అది మూలపడింది. 1882 నాటి మద్రాసు అటవీ చట్టంలోనూ ఆయన చేయి ఉంది. మన్యంలో పోడుపై పెట్టిన ఆంక్షలు చివరకు 1922లో అల్లూరి సీతారామరాజు తిరుగుబాటుకు ఒక కారణమయ్యాయి. టాంగ్యా నడిపిన మనిషి చేయి పడిన చట్టం ఇలా పరిణమించడం నాకిప్పటికీ మింగుడుపడదు. ఊరివాళ్లతో వన సంరక్షణ సమితులు పెట్టే ఉత్తర్వు అప్పటి ఆంధ్రప్రదేశ్‌లో 1992లో గాని రాలేదు.

శంషాబాద్ నిజాం ఏలుబడిలోది గనుక ఆ మద్రాసు చట్టం ఇక్కడికి రాలేదు. అయినా కంచల్లో కట్టె, గడ్డి, సీతాఫలాలు ఏరుకుని బతికిన కుటుంబాలను ఎరిగినవారికి బ్రాండిస్ వాదం వివరించనక్కర్లేదు. 2008లో విమానాశ్రయం వచ్చాక ఇక్కడి నేల గజాల లెక్కన అమ్ముడుపోతోంది.

1883లో ఆయన ఉద్యోగ విరమణ చేశారు. బాన్ చేరి ఊరకే కూర్చోలేదు. అమెరికా నుంచి వచ్చిన గిఫర్డ్ పిన్షో వంటి యువకులకు దారి చూపారు. ఆ పిన్షోయే తరువాత అమెరికా అటవీ సర్వీసుకు తొలి అధిపతి అయ్యారు. 80 దాటాక, 1906లో, ‘ఇండియన్ ట్రీస్’ గ్రంథం వెలువరించారు. మరుసటి ఏడు బాన్‌లోనే కన్నుమూశారు. చెట్టు పేరు తేలనప్పుడు మా రేంజి ఆఫీసులో అందరం తిరగేసింది ఆ పుస్తకాన్నే.