డోర్నకల్ అజరయ్య

క్రైస్తవ సంఘమున పెద్దకు కాపరి యను పేరు కలదు. మందకు ముందు నడచుట, వెనుకబడినదాని కొరకు ఆగుట, గాయపడినదానిని మోయుట కాపరి పనులు. ఆ పేరును తెలుగుదేశమున సార్థకము చేసిన మహనీయులలో డోర్నకల్ ప్రథమ బిషప్పు వేదనాయగం శామ్యూల్ అజరయ్యగారు ముఖ్యులు. పుట్టుకచేత వారు తమిళులు, సేవచేత తెలుగువారు.

అజరయ్యగారు 1874 ఆగస్టు 17వ తేదీన తిరునెల్వేలి జిల్లాలోని వెళ్ళాళన్‌విళై గ్రామమున జన్మించిరి. తండ్రి థామస్ వేదనాయగం ఆ పల్లెలో ఆంగ్లికను సంఘగురువు. ఒకప్పుడు అగ్రవర్ణముల చిన్నచూపునకు గురియైన నాడారు కులము వారిది. తండ్రి గతింపగా, తల్లి ఎలెన్ కుమారుని క్రమశిక్షణతో పెంచెను. మద్రాసు క్రైస్తవ కళాశాలలో చదివిన పిమ్మట వారు 1895లో వై.యం.సి.ఏ. కార్యదర్శియై దక్షిణదేశమంతయు పర్యటించిరి.

భారతదేశమున క్రైస్తవసేవను భారతీయులే తమ ధనముతో, తమ నాయకత్వమున సాగింపవలెనని వారి ఆశయము. అందుకై 1903లో తిరునెల్వేలి భారతీయ మిషనరీ సంఘమును స్థాపించుటలో ముందు నిలిచిరి. ఆ సంఘము నైజాం రాష్ట్రములోని డోర్నకల్ ప్రాంతమును తన సేవాక్షేత్రముగా ఎన్నుకొనెను. ఇతరులను పల్లెలకు పొమ్మని ప్రోత్సహించి తాము పట్టణమున నిలుచుట న్యాయము కాదని అజరయ్యగారికి తోచెను. 1909లో ఉద్యోగము విడిచి, గురుపట్టము పొంది, డోర్నకల్ చేరిరి. ముప్పదియైదవ యేట క్రొత్త భాషను అభ్యసించి, తెలుగు పల్లెలలో తెలుగుననే బోధించిరి.

మరుసటి సంవత్సరము, 1910లో, స్కాట్లండులోని ఎడింబరో నగరమున ప్రపంచ మిషనరీ మహాసభ జరిగెను. అజరయ్యగారు అచట విదేశ మిషనరీల త్యాగమును కొనియాడిరి. పిదప ఒక చేదు నిజమును దాచక చెప్పిరి. పెక్కుమంది మిషనరీలకును వారి భారతీయ సహచరులకును నడుమ యజమాని, పనివాడు అను అంతరమే కాని ఆత్మీయత లేదనిరి. ఆస్తులను, దేహములను సయితము అర్పించినవారు స్నేహమును కూడ దయచేయవలెనని కోరిరి. సభలో కొందరికి ఈ మాటలు నొప్పి కలిగించెను. అయినను ఆ మహాసభను తలచుకొనువారు ఈనాటికిని మొదట స్మరించు ప్రసంగములలో అది యొకటి.

1912 డిసెంబరు 29వ తేదీన కలకత్తాలోని సెయింట్ పాల్ కథీడ్రలులో అజరయ్యగారు బిషప్పుగా అభిషిక్తులైరి. ఆంగ్లికను సంఘమున బిషప్పు పదవి పొందిన మొదటి భారతీయులు వారే. ఈ నియామకమును కొందరు మిషనరీలే కాక కొందరు భారతీయ క్రైస్తవులును వ్యతిరేకించిరి. ఎడింబరోలో వారు పలికిన మాట ఇప్పుడు వారికే పరీక్ష యయ్యెను. అధికారము చేతికి వచ్చినది. తనకంటె క్రిందివారికి ఆ స్నేహమును తాము పంచగలరా?

వారి మందలో అత్యధికులు మాల, మాదిగ కులములకు చెందిన వ్యవసాయ కూలీలు. తరతరములుగా ఊరికి వెలుపల బ్రతికినవారు. బిషప్పు ఎడ్లబండిపై వారి పల్లెలకు పోయి, వారి నడుమ కూర్చుండి, వారి కష్టసుఖములు విచారించెడివారు. మురికి, రోగము, అప్పు, త్రాగుడు అను నాలుగు శత్రువులపై ఎడతెగని పోరాటము సాగించిరి. మాల, మాదిగల నడుమనున్న అంటును సంఘములోనికి రానీయక, ప్రభుసంస్కారమున అందరును ఒకే పాత్రలో పాలుపొందవలెనని పట్టుబట్టిరి. ఈ విషయమున ఆయన మెత్తనివారు కారు. కొందరి అలుకకును వెరవలేదు.

ఆదరణ యనగా జాలి మాత్రమే కాదని వారి నమ్మకము. పేదవాడు ఇచ్చువాడు కూడ కావలెనని, పంటల పండుగలో తన ఫలములో కొంత సంఘమునకు అర్పింప నేర్పిరి. పల్లె ఉపాధ్యాయుడు ఆ సంఘమునకు వెన్నెముక: పిల్లలకు అక్షరములు నేర్పువాడు, పెద్దలచే ప్రార్థన చేయించువాడు ఆయనయే. అట్టివారి నుండియే అజరయ్యగారు గురువులను తయారుచేసిరి. డోర్నకల్ వేదపాఠశాలలో విద్యార్థులతోపాటు వారి భార్యలకును శిక్షణ యిచ్చిరి. ఏలయన సంఘగురువు ఇల్లే పల్లెకు మొదటి పాఠమగును. కాలక్రమమున కృష్ణా జిల్లా ప్రాంతములును చేరి, ఆ అధ్యక్షఖండమున క్రైస్తవుల సంఖ్య రెండు లక్షలు దాటెను.

ఈ పెరుగుదల వివాదములను కూడ తెచ్చెను. 1930 తరువాతి సంవత్సరములలో సామూహిక మతాంతరీకరణమును గూర్చి గాంధీ మహాత్మునికిని వారికిని తీవ్రమైన అభిప్రాయభేదము కలిగెను. అయినను క్రైస్తవులకు ప్రత్యేక నియోజకవర్గములు వలదని వాదించిన దేశాభిమాని అజరయ్యగారు. తమ ప్రజలు తక్కిన దేశప్రజలనుండి విడిపోవుట వారికి సమ్మతము కాదు.

1939 జనవరి 6వ తేదీన డోర్నకల్‌లో వారు తలపెట్టిన కథీడ్రలు ప్రతిష్ఠ జరిగెను. హిందూ దేవాలయముల స్తంభశిల్పమును, ముస్లిము కట్టడముల గుమ్మటములను అందు మేళవించిరి. దక్షిణ భారతమున వేరువేరు సంఘముల ఐక్యతకై 1919లో ట్రాంకీబారులో జరిగిన సమావేశము నుండియు వారు పాటుపడిరి. ఆ ఐక్యసంఘము 1947 సెప్టెంబరు 27న ఏర్పడెను. దానిని చూడకయే 1945 జనవరి 1వ తేదీన వారు డోర్నకల్‌లో కన్నుమూసిరి.

బిషప్పు పదవియందు ముప్పదిరెండేండ్లు గడపిన అజరయ్యగారు, పెద్దల నుండి తాము కోరిన స్నేహమును తమ క్రిందివారికి పంచిరి. వారి చేత ఆదరింపబడిన పల్లెవాసులు తామే ఉపాధ్యాయులై, గురువులై, ఇతరులను ఆదరించిరి. కాపరి పని ఫలించుటకు ఇంతకంటె నిదర్శనము వేరొకటి అక్కరలేదు.